కిల్ట్ కట్టుకుని కూరగాయలకు వెళ్లే మగవాళ్లు

(హైదరాబాద్‌లో చేనేత, వస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

కిల్ట్, అంటే స్కాట్లండ్ మగవాళ్లు నడుముకు కట్టుకునే మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల గళ్ల బట్ట, ఎక్కడ చూశారని అడిగితే మీలో చాలామంది బ్యాగ్‌పైపులు ఊదే బ్యాండ్ ఫోటోలోనో, ఎవరిదో పెళ్లి ఫోటోలోనో అంటారు. ఇవాళ నేను చెప్పబోయేది ఇంకో రకం మనిషి గురించి. పొద్దున లేచి కిల్ట్ కట్టుకుని, పైన మామూలు టీషర్టో స్వెటరో వేసుకుని, బస్సెక్కి పనికి పోయి, సాయంత్రం కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చే మనిషి. స్కాట్లండ్‌లో కూడా అలాంటివాళ్లు తక్కువే. నేను ఉండేది అక్కడి బోర్డర్స్ ప్రాంతంలో, ఉన్ని మిల్లులున్న ఊళ్ల మధ్య. బట్ట నేయడం చూస్తూ చూస్తూ నేనూ కట్టుకోవడం మొదలుపెట్టాను, అలవాటైపోయింది.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ బట్టను ఒకప్పుడు చట్టం పెట్టి నిషేధించారు. తర్వాత నెత్తిన పెట్టుకుని పూజించారు. నిషేధం కంటే ఆ పూజ వల్లే అది రోజువారీ జీవితంలోంచి ఎక్కువగా పోయిందని నా నమ్మకం. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

స్కాట్లండ్ ఉత్తరాన, పడమరన ఉన్న కొండ ప్రాంతాన్ని హైలాండ్స్ అంటారు. వాన, గాలి, బురద, వాగులు. పదహారో శతాబ్దం చివరికి అక్కడి మగవాళ్లు ఒక పెద్ద ఉన్ని బట్టను ఒంటికి చుట్టుకుని నడుముకు బెల్టు బిగించడం మొదలైంది. 1594లో ఐర్లండ్‌కు కిరాయి సైనికులుగా వెళ్లిన స్కాటిష్ దీవుల మనుషుల వేషాన్ని వర్ణించిన ఒక ఐరిష్ రచనలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. గేలిక్ భాషలో దాన్ని ఫెయిలియ మోర్ అంటారు, పెద్ద చుట్టు అనుకోండి. మగ్గం వెడల్పు తక్కువ కాబట్టి రెండు పట్టీలు పక్కపక్కన కలిపి కుట్టేవాళ్లు. పొడవు నాలుగైదు గజాలుండేది. నడుము దగ్గర కుచ్చిళ్లు పెట్టి బెల్టు బిగిస్తే కింది సగం మోకాళ్ల దాకా వస్తుంది, పై సగం భుజం మీదికి పోతుంది. వాన పడితే నెత్తిన కప్పుకోవచ్చు. రాత్రి బెల్టు విప్పితే అదే దుప్పటి.

ఇది ఎవరి బట్టో గమనించండి. పశువుల్ని తోలుకుంటూ కొండలు దాటి క్రీఫ్, ఫాల్కిర్క్ సంతలకు రోజుల తరబడి నడిచేవాడి బట్ట. వాగు దాటితే ప్యాంటు తడిసి కాళ్లకు అంటుకుపోతుంది. నడుస్తున్నంతసేపూ చలి, పైగా ఒరిపిడి. కాళ్లు బయటే ఉంటే రెండు నిమిషాల్లో ఆరిపోతాయి. ఉన్నికి ఒక గుణం ఉంది, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. కాబట్టి ఆ చోటికి, ఆ పనికి సరిగ్గా సరిపోయిన బట్ట అది. అందం కోసం పుట్టలేదు, జాతి గౌరవం కోసం అసలే పుట్టలేదు.

పై సగాన్ని వదిలేసి కింది సగాన్ని మాత్రమే కట్టుకునే చిన్న కిల్ట్ 1720ల ప్రాంతంలో వచ్చింది. దీని వెనక ఒక కథ ఉంది. థామస్ రాలిన్‌సన్ అనే ఇంగ్లిష్ వ్యాపారి గ్లెన్‌గారీ ప్రాంతంలో ఇనుము కరిగించే కొలిమి పెట్టాడు. అక్కడ పనిచేసే కూలీలకు ఆ పెద్ద చుట్టు అడ్డం పడుతోందని, దాన్ని రెండుగా విడదీయించి కింది భాగాన్ని విడిగా కుట్టించాడని 1785లో అచ్చయిన ఒక ఉత్తరం చెబుతుంది. ఇంగ్లిష్‌వాడు కనిపెట్టాడన్న మాట చాలామంది స్కాటిష్ వాళ్లకు నచ్చదు. అంతకుముందే అలా కట్టుకునేవాళ్లు ఉన్నారని వాదిస్తారు. ఆ గొడవ తేలేది కాదు, నాకు దాని మీద పట్టుదలా లేదు. రెండు కథల్లోనూ ఉమ్మడిగా ఉన్న విషయమే నాకు ముఖ్యం. పని చేసేవాడికి వీలు కోసం బట్ట చిన్నదైంది.

ఇక నిషేధం. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానంలో స్టువర్ట్ రాజవంశం తరఫున తిరగబడ్డ సైన్యం ఓడిపోయింది. ఆ సైన్యంలో చాలామంది హైలాండర్లు. గెలిచిన లండన్ ప్రభుత్వం వాళ్ల ఆయుధాలతో పాటు బట్టల మీదా పడింది. కిల్ట్, పెద్ద చుట్టు, బిగుతు గళ్ల లాగు, అవేవీ స్కాట్లండ్‌లో మగవాళ్లు గానీ మగపిల్లలు గానీ వేసుకోకూడదని, గళ్ల బట్టతో పైకోటు కూడా కుట్టించుకోకూడదని చట్టం చేసింది. మొదటిసారి దొరికితే బెయిలు లేకుండా ఆరు నెలల జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్ల పాటు సముద్రాల అవతలి తోటలకు తరలింపు. ఆడవాళ్ల బట్టల జోలికి చట్టం పోలేదు. ప్రభుత్వ సైన్యంలో చేరిన సైనికులకు మినహాయింపు ఇచ్చారు.

ఈ మినహాయింపు దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. తాతలు కట్టిన బట్ట కట్టుకోవాలంటే ఒక యువకుడికి చట్టప్రకారం ఉన్న దారి ఒక్కటే, రాజుగారి రెజిమెంట్‌లో చేరడం. ఆవులు కాసేవాడి ఒంటి మీద నేరమైన బట్ట, సామ్రాజ్యం కోసం తుపాకీ పట్టినవాడి ఒంటి మీద యూనిఫాం అయింది. అప్పటి నుంచి కిల్ట్‌కు అంటుకున్న సైనిక వాసన ఇవాళ్టికీ పోలేదు. ఇంకో అన్యాయం కూడా జరిగింది. తిరుగుబాటులో రాజు పక్షాన నిలబడ్డ హైలాండర్లకూ అదే నిషేధం. అలా రాజు తరఫున పోరాడిన ఒక గేలిక్ కవి, తన కాళ్లకు బలవంతాన ప్యాంటు తొడిగించారని మండిపడుతూ పాట కట్టాడు.

1782 జులై 1న చట్టం రద్దయింది. అంటే 36 ఏళ్లు. నిషేధం మొదలైనప్పుడు పుట్టిన పిల్లవాడు రద్దయ్యేనాటికి తండ్రి అయి ఉంటాడు, కిల్ట్ ఎలా కట్టాలో తన కొడుక్కి నేర్పడానికి అతనికే తెలియదు. ప్యాంట్లు అలవాటైపోయాయి. ఇంటి దగ్గర రంగులద్ది గళ్లు నేసే చేతులు చాలాచోట్ల పని మానేశాయి. చేనేత నేర్చుకుంటున్న మీకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఒక్క తరం మగ్గం దిగితే రెండో తరం ఎక్కడం ఎంత కష్టమో మీ ఊళ్లలోనే చూస్తున్నారు.

అయినా అప్పుడు కిల్ట్ మళ్లీ మామూలు బట్టగా తిరిగి రావడానికి అవకాశం ఉండిందనే అనుకుంటాను. అలా రాకుండా చేసింది 1822.

ఆ ఏడాది ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు. సింహాసనం మీదున్న రాజు స్కాట్లండ్ గడ్డ మీద అడుగుపెట్టి అప్పటికి 170 ఏళ్లు దాటింది. ఏర్పాట్లన్నీ చూసింది రచయిత వాల్టర్ స్కాట్. ఊరు ఊరంతా హైలాండ్ వేషం వేసుకోవాలని ఉత్సాహపరిచాడు. రాజు కూడా కిల్ట్ వేసుకున్నాడు, కింద గులాబీ రంగు మేజోళ్లతో. ఆ వేషానికీ దాని అలంకారాలకీ అయిన బిల్లు 1,354 పౌండ్ల 18 షిల్లింగులు. అంతవరకు హైలాండర్లను అడవి మనుషుల్లా చూసిన లోలాండ్స్, అంటే దక్షిణాది పల్లపు ప్రాంతపు ప్రభువులు, లాయర్లు, వ్యాపారులు గళ్ల బట్ట కోసం ఎగబడ్డారు.

ఆ తర్వాత మన మెకాలే ఈ సంగతి మీద ఘాటుగా రాశాడు. మన చదువుల తీరు మార్చిన ఆ మెకాలేనే, అతని తండ్రి వైపు పూర్వీకులు హైలాండర్లు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఒకటి కాకముందు పది మంది స్కాటిష్ వాళ్లలో తొమ్మిది మంది దొంగల బట్ట అనుకున్నదాన్ని రాజు గౌరవంగా వేసుకున్నాడని అతని మాటల సారాంశం. అతను మనకు చేసినదాని మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి గానీ, ఇక్కడ మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే హైలాండ్స్‌లో ఏం జరుగుతోందో కూడా చూడండి. భూస్వాములు గొర్రెల పెంపకంలో లాభం ఉందని కౌలు రైతుల్ని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. సదర్లండ్ ప్రాంతంలో 1810లలో ఇళ్లు కాల్చి మరీ వెళ్లగొట్టారు. జనం కెనడా ఓడలెక్కుతున్నారు. అంటే ఆ బట్ట కట్టిన మనుషుల్ని ఒక చేత్తో ఊళ్లోంచి పంపేస్తూ, ఇంకో చేత్తో వాళ్ల బట్టను దర్బారు వేషంగా తొడుక్కున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను.

అప్పటి నుంచి కిల్ట్ చుట్టూ నియమాలు పెరిగాయి. ఏ వంశానికి ఏ గళ్లు, పగలు ఏ కోటు, రాత్రి ఏ కోటు, ఏ బూటు, ఏ బొచ్చు సంచి. వంశానికో టార్టన్, అంటే వంశానికో గళ్ల నమూనా అన్న పద్ధతి ప్రాచీనమని అనుకుంటారు గానీ, అందులో ఎక్కువ భాగం పంతొమ్మిదో శతాబ్దంలో కుదిరినదే. బానక్‌బర్న్‌లోని విల్సన్స్ నేత కంపెనీ మొదట చాలా డిజైన్లకు నంబర్లు మాత్రమే పెట్టి అమ్మేది. గిరాకీ వచ్చేసరికి వాటికి వంశాల పేర్లు చేరాయి. ఎనిమిది గజాల బట్టతో, వెండి గుండీలతో అంత ఖర్చుపెట్టి కుట్టించుకున్నదాన్ని ఎవడు మాత్రం పొలానికి కట్టుకుపోతాడు? బీరువాలోకి వెళ్లింది. ఇప్పుడైతే చాలామంది స్కాటిష్ మగవాళ్లకు సొంత కిల్ట్ కూడా ఉండదు. పెళ్లికి అద్దె దుకాణం నుంచి శుక్రవారం తెచ్చుకుని సోమవారం తిరిగి ఇచ్చేస్తారు.

సైన్యం సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. 1809లో ఆరు రెజిమెంట్లకు కిల్ట్ తీసేశారు, దాన్ని చూసి మిగతా ప్రాంతాల యువకులు చేరడం లేదని. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురదలో కుచ్చిళ్లు బరువెక్కి, గడ్డకట్టి, మోకాళ్లు కోసుకుపోయాయి. 1940లో ఫ్రాన్స్‌లో కామెరాన్ హైలాండర్ల దళం ఒకటి కిల్ట్‌తో పోరాడింది, యుద్ధభూమిలో అదే చివరిసారి అంటారు.

ఇప్పుడు మళ్లీ రోజూ కట్టుకుంటున్నవాళ్ల దగ్గరికి వద్దాం. ఎడిన్‌బరోలో హోవీ నికల్స్‌బీ అనే దర్జీ ఉన్నాడు. వాళ్లది కిల్టులు కుట్టే కుటుంబం. 1996 నుంచి డెనిమ్, ట్వీడ్, తోలు, గీతల సూటు బట్ట, ఇలా టార్టన్ కాని బట్టలతో, జేబులు పెట్టి కిల్టులు కుడుతున్నాడు. తనూ అవే వేసుకుంటాడు. మగవాడి బీరువాలో ప్యాంటు పక్కన మామూలుగా వేలాడే బట్ట కావాలన్నది అతని పట్టుదల. అమెరికాలో సియాటెల్ నగరంలో 2000లో యుటిలికిల్ట్స్ అని ఒక కంపెనీ మొదలైంది. మందపాటి కాటన్, పక్కన పెద్ద జేబులు, సుత్తి తగిలించుకునే కొక్కెం. వడ్రంగులు, మెకానిక్కులు కొనుక్కున్నారు. కిల్ట్ చరిత్ర తెలిసిన పెద్దలు కొందరు దీన్ని చూసి ముఖం చిట్లించారు. నాకు మాత్రం రాలిన్‌సన్ కొలిమి దగ్గరి కూలీలు గుర్తొచ్చారు. పనివాడి నడుముకు మళ్లీ చేరింది కదా.

2008లో సియాటెల్ ఉన్న ఆ వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉత్తరాలు బట్వాడా చేసే ఒక ఉద్యోగి, పోస్ట్‌మ్యాన్ యూనిఫాంలో కిల్ట్‌కూ చోటివ్వమని తమ సంఘం మహాసభలో తీర్మానం పెట్టించాడు. అతనివి లావు తొడలు. ఎండలో మైళ్లు నడిస్తే ప్యాంటు ఒరుసుకుని చర్మం లేచిపోయేది. తన డబ్బుతో దేశమంతా ఉన్న శాఖలకు ఉత్తరాలు రాశాడు. బోస్టన్‌లో జరిగిన సభలో తీర్మానం ఓడిపోయింది. అయినా అతని వాదనలో జాతి లేదు, సంప్రదాయం లేదు. నా తొడలు మండుతున్నాయి, నాకు ఈ బట్ట హాయిగా ఉంది, అంతే. కిల్ట్ గురించి విన్న వాదనల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మీరు నేత చదువుకుంటున్నవాళ్లు కాబట్టి బట్ట గురించి తీరిగ్గా చెప్పాలనిపిస్తోంది. కిల్ట్‌కు వాడేది రెండు మీద రెండు ట్విల్ నేత, అంటే దారం రెండిటి మీదుగా, రెండిటి కిందుగా పోయి ఏటవాలు గీతలు వచ్చే నేత; వర్‌స్టెడ్, అంటే దువ్వి నున్నగా వడికిన ఉన్ని. పడుగులో రంగుల వరస ఎలా ఉంటుందో పేకలోనూ సాధారణంగా అదే వరస వస్తుంది. అందుకే గళ్లు చదరంగా కుదురుతాయి. ఆ వరస ఒకసారి పూర్తయ్యే కొలతను సెట్ అంటారు. ఇప్పటి మిల్లు బట్ట రెట్టింపు వెడల్పుతో వస్తుంది. నాలుగు గజాలు కొని నిలువునా మధ్యకు చీల్చి కలిపితే ఎనిమిది గజాలవుతుంది. ఆ రెట్టింపు వెడల్పు బట్ట గజానికి 16 ఔన్సులదైతే పూర్తయిన కిల్ట్ రెండు కిలోల దగ్గర తూగుతుంది. మా అమ్మ మొదటిసారి చేత్తో ఎత్తి చూసి, “లుంగీ లాంటిదే కదా అనుకున్నా, ఇంత బరువేంట్రా” అంది.

కింది అంచు చూశారా, మడత కుట్టు ఉండదు. మడిచి కుడితే కుచ్చిళ్ల దగ్గర లావెక్కి సరిగా వేలాడదు. అందుకని పేక దారం చివర్లను లోపలికి తిప్పి, అంచునే శుభ్రంగా ముగిసేలా నేస్తారు. ఆ నేత అంచే కిల్ట్ కింది అంచు. మన పంచె అంచుకు ఎంత శ్రద్ధ పెడతామో అక్కడ దీనికి అంత. సెల్‌కిర్క్ మిల్లులో ఈ అంచు నేయడం చూడటం నాకు ఎప్పుడూ విసుగనిపించదు.

కుట్టడంలో అసలు పనితనం వెనక కుచ్చిళ్లలో ఉంది. పాతిక నుంచి ముప్పై కుచ్చిళ్లుంటాయి. ఒక పద్ధతిలో కుచ్చిళ్లు పెట్టాక కూడా వెనక గళ్లు చెదరకుండా, ముందున్నట్టే కనిపించాలి. ప్రతి మడతలో ఎంత బట్ట దాచాలో సెట్‌ను బట్టి లెక్క వేస్తారు. ఇంకో పద్ధతి సైన్యంలోంచి వచ్చింది, ప్రతి కుచ్చి మీద ఒకే గీత వచ్చేలా పెట్టడం. నడిచేటప్పుడు మడతలు విచ్చుకుంటే లోపలి రంగులు తళుక్కుమంటాయి. పిరుదుల దగ్గర వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా ప్రతి కుచ్చినీ చేత్తో కుట్టి, లోపల కాన్వాస్ పెడతారు. రోజుల తరబడి పని. అందుకే చేత్తో కుట్టింది కొన్ని వందల పౌండ్లు పలుకుతుంది. తోలు పట్టీలు, బకిల్స్ జరిపి కుట్టుకోవచ్చు కాబట్టి పొట్ట పెరిగినా పనికొస్తుంది, తండ్రిది కొడుకు కట్టుకోవచ్చు. ఎడిన్‌బరో రాయల్ మైల్ వీధిలో టూరిస్టులకు అమ్మే చవక కిల్టులు చాలావరకు ఆక్రిలిక్. బ్యాగ్‌పైపులు, కిల్టులు తయారు చేసి ప్రపంచమంతా పంపే ఊరు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్. చవకని చిన్నచూపు చూడను. కానీ ఆక్రిలిక్ కుచ్చిళ్లు నిలబడవు, గాలికి లేస్తాయి.

గాలి అన్నాను కాబట్టి, రోజూ కట్టుకునేటప్పుడు ఎదురయ్యే విషయాలు కొన్ని చెబుతాను. నడుము దగ్గర, అంటే బొడ్డు ఎత్తులో కట్టాలి, ప్యాంటులాగా కిందికి జార్చకూడదు. మోకాళ్ల మీద కూర్చుంటే అంచు నేలను తాకీ తాకనట్టు ఉండాలి, అది సరైన పొడవు. కూర్చునేటప్పుడు ఒక చేత్తో వెనక కుచ్చిళ్లను కిందికి సవరించుకుంటూ కూర్చోవాలి. చీర కట్టేవాళ్లకు ఈ కదలిక పుట్టుకతో వచ్చినట్టుంటుంది, మగవాళ్లు కొత్తగా నేర్చుకోవాలి. రెండు మోకాళ్ల మధ్య బట్టను వేలాడనివ్వాలి. సంప్రదాయ కిల్ట్‌కు జేబులుండవు. ముందు వేలాడే తోలు సంచిని స్పోరన్ అంటారు, ఫోను, తాళాలు, కార్డులు అందులోనే. రోజువారీకి సాదా తోలుది చాలు. బొచ్చుది పెళ్లిళ్లకు వదిలేయండి. బట్టను మాటిమాటికీ ఉతకరు, గాలికి ఆరేసి బ్రష్ కొడతారు. క్లీనింగ్‌కు ఇచ్చే ముందు కుచ్చిళ్లను పొడుగు కుట్లతో కట్టేయాలి, లేకపోతే చెదిరిపోతాయి.

చలి గురించి అందరూ అడుగుతారు. నడుము నుంచి తొడల దాకా ఎనిమిది గజాల ఉన్ని ఉంటుంది, కింద మోకాలి దాకా మందపాటి మేజోళ్లు. మధ్యలో బయటికి కనబడేది మోకాళ్లు మాత్రమే. చలికాలం నాకు పెద్ద కష్టం అనిపించదు. కష్టమంతా వేసవిలో పడమటి కొండల్లో, మిడ్జ్ అనే సన్న పురుగులతో. కంటికి ఆనవు, గుంపులుగా వచ్చి కుట్టిపోతాయి. యంత్రాలు, ఆసిడ్ల దగ్గర పనిచేసేవాళ్లు మాత్రం కిల్ట్ జోలికి పోకూడదు. అక్కడ కాళ్లు పూర్తిగా కప్పుకోవడమే క్షేమం.

ఇక లోపల ఏం వేసుకుంటారన్న ప్రశ్న. ఎవరూ అడక్కముందే చెబుతాను. ఏమీ వేసుకోకపోతేనే నిజమైన స్కాట్ అన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. స్కాటిష్ టార్టన్స్ అథారిటీయే 2010లో, శుభ్రత కోసమైనా లోపల వేసుకోండని చెప్పింది. రోజూ బస్సులో, ఆఫీసు కుర్చీలో కూర్చునేవాడు వేసుకోవాలి. నేను వేసుకుంటాను. కానీ నన్ను బాధపెట్టేది ఆ ప్రశ్న వెనకున్న చనువు. కిల్ట్ కట్టినవాణ్ణి ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ ప్రశ్న అడుగుతారు. కొందరు చేత్తో ఎత్తి చూడబోతారు. 2018లో ఇన్వర్‌నెస్‌లోని ఒక పబ్‌లో పనిచేసే కుర్రాళ్లు, రెండు చేతుల్లో గ్లాసులు మోస్తున్నప్పుడు కస్టమర్లు, అందులోనూ ఆడవాళ్లు, కిల్ట్ ఎత్తి చేతులు పెడుతున్నారని విసిగిపోయి కిల్టులు మానేసి ప్యాంట్లు వేసుకున్నారు. ఆలోచించండి, కిల్ట్‌కు పుట్టిల్లు లాంటి ఊళ్లో. అదే పని మగవాళ్లు స్కర్టు వేసుకున్న అమ్మాయికి చేస్తే దాన్ని ఏమంటామో, దీన్నీ అదే అనాలి. నాకైతే తేడా కనబడదు. కిల్ట్ రోజూ కనబడే బట్ట అయితే ఈ వేధింపు తగ్గుతుందని నా ఆశ. వింతగా ఉన్నంతకాలం అది అందరి ఆస్తి అన్నట్టు ప్రవర్తిస్తారు.

2017 జూన్‌లో ఇంగ్లండ్‌లో ఎండలు మండిపోయినప్పుడు ఎక్సెటర్‌లోని ఒక బడిలో అబ్బాయిలు షార్ట్స్‌కు అనుమతి అడిగితే దొరకలేదు. అమ్మాయిల యూనిఫాం స్కర్టులు వేసుకుని బడికొచ్చారు. అదే నెలలో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో బస్సు డ్రైవర్లు కూడా అలాగే స్కర్టులతో డ్యూటీకి వచ్చారు. పిల్లల ధైర్యం నాకు నచ్చింది. కానీ ఆ నిరసన పనిచేసింది ఎందుకంటే, మగవాడు స్కర్టు వేసుకోవడం అవమానమని చూసేవాళ్లంతా ముందే ఒప్పుకుని ఉన్నారు కాబట్టి. షార్ట్స్ దొరకగానే స్కర్టు పక్కన పడేస్తారు. కిల్ట్ రోజూ కట్టేవాడిది వేరే దారి, వాడు ఎవరి మీదా నిరసన చేయడం లేదు.

స్కాటిష్ రక్తం లేనివాళ్లు కట్టుకోవచ్చా అని అడుగుతారు. ఏ చట్టమూ అడ్డు చెప్పదు. 2009 నుంచి టార్టన్లకు ప్రభుత్వ రిజిస్టరే ఉంది, అక్కడ ఊళ్లు, కంపెనీలు, ఫుట్‌బాల్ క్లబ్బులు, వలస వచ్చిన సమాజాలు తమ గళ్లు నమోదు చేసుకున్నాయి. ఏ వంశానికీ చెందనివాళ్లు బ్లాక్ వాచ్ లాంటి అందరి టార్టన్ కట్టుకోవచ్చు, సాదా రంగు ఇంకా మేలు. నా మిల్లు స్నేహితుల్లో ఒక్కరు కూడా నువ్వెందుకు కట్టావని అడగలేదు. పెద్దవాళ్లు దగ్గరికొచ్చి బట్ట వేళ్ల మధ్య నలిపి చూసి, ఏ మిల్లుదని అడుగుతారు.

గళ్ల బట్ట మగవాడి నడుముకు చుట్టడంలో మన నేతగాళ్లకూ పాత్ర ఉంది. చీరాల చుట్టుపక్కల నేసిన రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అనే గళ్ల బట్ట ఓడలెక్కి నైజీరియా చేరింది. అక్కడి కలబారి జనం దాన్ని నడుముకు కట్టుకుంటారు, వాళ్ల పుట్టుక నుంచి చావు దాకా జరిగే వేడుకల్లో దానికి చోటుంది.

మన పంచె గురించి కూడా అడగాలని మీ ముఖాల్లో కనిపిస్తోంది. 2014లో చెన్నైలో పంచె కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని ఒక క్లబ్బులోకి రానివ్వలేదు. తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది అలాంటి ఆంక్షలు చెల్లవని చట్టం చేసింది. మంచి పని. కానీ మన దగ్గర పంచెను ఎవరూ ఆపలేదు. పెళ్లిలో పెళ్లికొడుక్కి కడతాం, పండక్కి కడతాం, ఫోటో తీసుకుని విప్పేస్తాం. వెల్క్రో అంటించిన రెడీమేడ్ పంచెలు వచ్చాయి, ఎందుకంటే కట్టడం మర్చిపోయాం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా పంచెకట్టుతోనే ఆఫీసుకు వెళ్లేవారు. రాజకీయాల్లో ఉన్నవాళ్లకు చెల్లింది, బ్యాంకులో గుమస్తాకు, కాలేజీ లెక్చరర్‌కు చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో మీరే మీ నాన్నల్ని, తాతల్ని అడిగి చూడండి.

కిల్ట్ కట్టి చూడాలని ఎవరికైనా ఉంటే, ఎనిమిది గజాలది కొనకండి. అయిదు గజాలది, 13 ఔన్సుల బట్టది, వాడినది దొరుకుతుంది. మన ఎండలకు ఉన్ని వద్దు, మందపాటి కాటన్‌తో మీరే కుట్టుకోవచ్చు. కుచ్చిళ్ల లెక్క రాసిచ్చిన కాగితం తెచ్చాను, ముందు వరసలో వాళ్లు తీసుకుని వెనక్కి అందించండి. కుట్టినవాళ్లు మొదట ఇంట్లో ఒక పూట కట్టుకుని తిరగండి, కూర్చోండి, మెట్లెక్కండి, బండెక్కి చూడండి. తర్వాత బజారుకు వెళ్లండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, నేను కట్టుకొచ్చిన ఈ కిల్ట్ అంచు దగ్గరగా చూడాలనుకునేవాళ్లు సభ అయ్యాక ఇటు రండి.